వీధిలోకి వచ్చే దేవుడు



మా ఊరి చెన్నకేశవస్వామి తిరునాళ్ళలో గరుడవాహనం మా వీధికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటేది. మా నాయనమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఏడు, పొద్దు వాలకముందే ఆమె నులకమంచాన్ని తెచ్చి వీధి అరుగు మీద వేశాం. మేళం దగ్గరవుతున్న కొద్దీ ఆమె దిండు మీద నుంచి తల ఎత్తి ఎత్తి చూసేది. బోయీలు మా గుమ్మం ముందు ఆగి ఊతకర్రలు ఆనించారు. అర్చకస్వామి మెల్లిగా ఏదో చెప్పాడు. వాళ్ళు వాహనాన్ని కాస్త మా అరుగు వైపు తిప్పారు. హారతి వెలుగు స్వామి ముఖం మీద పడింది. నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి, "నేను రాలేనని నువ్వే వచ్చావా తండ్రీ!" అంది.

వాహనం కదిలింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. అరుగు దిగి వెనకే నడిచాను. దండ ఒకటి పక్కకు జారి స్వామి తల వెనక భాగం కనబడింది. అక్కడ పువ్వులా విచ్చుకున్న చిన్న చక్రం, దాని కింద మెడ మీదికి జారిన కురుల ఉంగరాలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వెనక పక్క ఇంత పని ఎందుకు చేశారా అని ఆశ్చర్యపోయాను. చాలా ఏళ్ళ తరవాత గాని తెలిసిరాలేదు. వాహనం ముందుకు సాగిపోయాక వీధిలో నిలబడ్డ జనానికి కనబడేది స్వామి వెనక భాగమే. శిల్పికి ఆ సంగతి తెలుసు.

ఈ వేళ నేను చెప్పదలచుకున్నది ఆ ఉత్సవమూర్తి గురించి. మన పెద్ద గుళ్ళలో స్వామి ఒక్కడే అయినా రూపాలు రెండు. గర్భగుడిలో రాతి మూలవిరాట్టు. అష్టబంధనంతో పీఠానికి బిగించిన ఆ మూర్తి కదలదు, కదిలించకూడదు. ఆయన దగ్గరికి మనమే వెళ్ళాలి. అయితే వెళ్ళలేనివాళ్ళ మాటేమిటి? మంచాన పడ్డవాళ్ళు, పచ్చి బాలింతలు, పొలం కాపలా వదిలి రాలేనివాళ్ళు, ఒకప్పుడు గుడి గడప దాటనివ్వనివాళ్ళు. వాళ్ళందరి కోసం లోహమూర్తి బయటికి వస్తుంది.

తిరుమలలో ఈ ఏర్పాటు ఇంకా విస్తారంగా ఉంది. వైఖానస ఆగమం ప్రకారం అక్కడ అయిదు బేరాలు, అంటే అయిదు మూర్తులు. ధ్రువబేరం మూలవిరాట్టు. కౌతుకబేరం భోగ శ్రీనివాసుడు, వెండి మూర్తి, పల్లవ రాణి సామవై సమర్పించినది. రాత్రి ఏకాంతసేవలో ఊయల ఊగేది ఆయనే. బలిబేరం కొలువు శ్రీనివాసుడు, రోజూ కొలువుతీరి పంచాంగమూ ఆదాయ లెక్కలూ వింటాడు. స్నపనబేరం ఉగ్ర శ్రీనివాసుడు, ఏడాదికి ఒక్కసారి, కైశిక ద్వాదశినాడు, అదీ సూర్యుడు పొడవకముందు మాత్రమే మాడవీధుల్లోకి వచ్చి వెళ్తాడు. ఇక ఉత్సవబేరం మలయప్పస్వామి. శ్రీదేవి భూదేవులతో మనకు బ్రహ్మోత్సవాల్లో కనిపించే స్వామి ఆయనే. పూరీ జగన్నాథుడి దారి వేరు, అక్కడ మూలమూర్తులే రథమెక్కుతారు. దారుమూర్తులు గనుక అది సాధ్యమైంది.

బయటికి రావాలన్న ఈ ఒక్క అవసరం నుంచే లోహవిగ్రహం రూపురేఖలన్నీ పుట్టాయని నా నమ్మకం. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కంచు విగ్రహాల గదికి వెళ్ళినవాళ్ళు ఈసారి ముఖాలు చూశాక పీఠాలు కూడా చూడండి. పద్మపీఠం, దాని కింద చదరపు పీఠం. ఆ చదరపు పీఠానికి పక్కల కన్నాలో, కడియాలో ఉంటాయి. కర్రలు దూర్చి, తాళ్ళు కట్టి, భుజాన మోయడానికి. అద్దాల బీరువాలో దీపాల వెలుగులో నిలబెట్టిన ఆ మూర్తులు ఒకనాడు దివిటీల వెలుగులో, బోయీల అడుగులకు కాస్త కాస్త ఊగుతూ కదిలినవి. ఒక కాలు ముందుకు, నడుము కొంచెం పక్కకు, తల కొంచెం రెండోవైపుకు వంగే ఆ త్రిభంగి నిలకడగా నిలబెట్టిన చోట ఎంత అందమో, భుజాల మీద కదులుతున్నప్పుడు అంతకు రెట్టింపు అందం.

ఇలాంటి మూర్తుల్ని ఇప్పటికీ పాత పద్ధతిలో పోతపోసే ఊరు కుంభకోణం పక్కన కావేరి ఒడ్డున ఉంది, స్వామిమలై. ఒకసారి ఆ స్థపతుల వీధికి వెళ్ళి ఒక పనిశాల గుమ్మంలో కూర్చున్నాను. మొదట నా కళ్ళు వెతికింది స్కేలు, టేపు. అవేవీ లేవు. స్థపతి పచ్చి కొబ్బరాకు పాయ ఒకటి చీల్చి, చేయబోయే మూర్తి ఎత్తుకి సరిగ్గా తెంపాడు. దాన్ని మడిచాడు. మడతను మళ్ళీ మడిచాడు. ఆ మడతల గీతలే ఆయనకు కొలతలు. ముఖం ఇంత, మెడ ఇంత, మెడ నుంచి హృదయం దాకా ఇంత, అక్కడి నుంచి నాభి దాకా ఇంత. మూర్తి జానెడైనా, నిలువెత్తు అయినా ఆకు పొడవు మారుతుందే గాని మడతల లెక్క మారదు.

ఈ లెక్కకు తాలమానం అని పేరు. తాలం అంటే ముఖం పొడవు, దానికి పన్నెండు అంగుళాలు. ఇది మన టేపు మీద ఉండే అంగుళం కాదు, దేహాంగుళం. ఏ మూర్తికి ఆ మూర్తి ఎత్తులోంచే దాని అంగుళం పుడుతుంది. బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు ఉత్తమ దశతాలం, అంటే మూర్తి ఎత్తును 124 భాగాలు చేస్తే ఒక భాగం అంగుళం. లక్ష్మీ పార్వతులకు మధ్యమ దశతాలం, 120. వినాయకుడికి అయిదు తాలాలు చాలు. పెద్ద తల, పొట్టి కాళ్ళు, బానపొట్ట ఆ అయిదు తాలాల్లోంచి వచ్చినవే. పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నప్పుడు కలిగే మురిపెం ఆయన్ని చూస్తే కలగడానికి కారణం ఆ లెక్కలోనే ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతు యవ, ఒక గింజంత. కనురెప్ప మందం, పెదవి అంచు ఆ గింజ కొలతలోనే నడుస్తాయి.

కొలతలు ఎత్తునూ వెడల్పునూ చెబుతాయి. ఒంపు మాటేమిటి? దానికి శిల్పులు తోటలోకి, చేలోకి, చెరువులోకి వెళ్ళారు. కనుబొమ వేపాకులా, ముక్కు నువ్వుపువ్వులా, పెదవి దొండపండులా, గడ్డం మామిడి టెంకలా, మెడ శంఖంలా మూడు గీతలతో ఉండాలి. భుజం నుంచి జారే చేయి ఏనుగు తొండం, తొడ అరటిబోదె, మోకాలి చిప్ప ఎండ్రకాయ డిప్ప, పిక్క సొనతో నిండిన చేప. మన ప్రబంధాల్లో నాయిక వర్ణన చదివి, కవులు కోతలు కోశారని నవ్వుకునేవాణ్ణి. కాని నువ్వుచేలో పూత మీద ఉన్న ఒక మొక్క ముందు వంగి, ఆ పువ్వును పక్కనుంచి చూడండి. మొదట సన్నగా, కిందికి వచ్చేకొద్దీ మెత్తగా విప్పారి, అంచు దగ్గర కాస్త పైకి తిరిగి ఉంటుంది. పనివాడి చేతికి ఇంతకంటే స్పష్టంగా ముక్కును ఎలా వర్ణించి చెబుతాం? అది అలంకారమే, పనిశాలలో అప్పజెప్పే పాఠమూ అదే.

కొలత కుదిరాక మైనం. తేనెమైనంలో గుగ్గిలం, వేరుశనగ నూనె కలిపి కాచి, ఆరనిచ్చి, చేతివేడితో మెత్తబరుస్తూ తల వేరు, మొండెం వేరు, చేతులు వేరుగా చేసి అతుకుతారు. నగలన్నీ మైనపు దారాలు, మైనపు చుక్కలే. సంస్కృతంలో ఈ పద్ధతిని మధూచ్ఛిష్ట విధానం అన్నారు. మధూచ్ఛిష్టం అంటే తేనె తీసుకోగా మిగిలినది. తేనె ఒకరు తినగా మిగిలిన పిప్పిలోంచి దేవుడి రూపు ఎత్తడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరించే సంగతి.

మైనపు మూర్తి మీద మొదటి పూత కావేరి వండ్రుమట్టి. వెన్నలా మెత్తటి ఆ మట్టి ప్రతి గీతలోకీ దూరుతుంది. స్వామిమలైలో ఈ పని స్థిరపడడానికి ఆ మట్టే ఒక పెద్ద కారణం. దాన్ని నీడనే ఆరనివ్వాలి, ఎండలో పెడితే మైనం సాగి మూర్తి వంకర పోతుంది. దాని మీద పొలం మట్టి, ఆపైన ఇసుక కలిసిన ముతక మట్టి. చుట్టూ ఇనుప తీగ బిగిస్తారు. చివరికి చూస్తే అది విగ్రహమా, చెరువుగట్టు నుంచి పెళ్ళగించిన మట్టిపెళ్ళా తెలియదు. దాన్ని పిడకల మంట మీద కాలుస్తారు. మైనం కరిగి కన్నంలోంచి బయటికి పోతుంది. లోపల మిగిలేది ఖాళీ. కురులు, నగలు, చిరునవ్వుతో సహా దేవుడి ఆకారంలో ఉన్న చీకటి.

ఆ ఖాళీ నిండడానికి ఎంత లోహం కావాలో కరిగించకముందే తెలియాలి. పోత మధ్యలో లోహం చాలకపోతే నెలల పని మట్టిపాలు. అందుకే ముందుగా మైనాన్ని తూచి పెట్టుకుంటారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసంలో ఆ లెక్క ఉంది. రాగి, ఇత్తడి అయితే మైనానికి ఎనిమిది రెట్లు, వెండి అయితే పన్నెండు, బంగారం అయితే పదహారు రెట్లు. సింహాసనం మీద కూర్చున్న రాజు ఇంత వివరంగా పోతపని రాయడం చూస్తే, ఆ కాలానికి కంచరి పని మీద ఎంత గౌరవమో తెలుస్తుంది.

పంచలోహాలంటాం గాని అందులో ముప్పాతికకు మించి రాగే. సీసమో తగరమో కలిస్తే లోహం పల్చగా పారి వేలికొసల దాకా చేరుతుంది. వెండి బంగారాలు రవ్వంత. మూసలో లోహం సలసల కాగుతున్నప్పుడు, విగ్రహం చేయించుకునే ఇంటి ఆడవాళ్ళు వచ్చి ముక్కుపుడకో, చెవి తమ్మెటో అందులో వేస్తారు. లోహానికి ఆ చిటికెడు బంగారంతో వచ్చే మార్పు ఏమీ ఉండదు. కాని ఆ తల్లి ఒంటిమీది వస్తువు ఇక తరతరాలు స్వామి ఒంట్లో ఉంటుంది.

పోశాక చల్లారనిచ్చి మట్టిని పగలగొడతారు. మైనమూ పోయింది, మట్టీ పగిలింది. అలాంటిదే ఇంకొకటి కావాలంటే మళ్ళీ కొబ్బరాకు దగ్గర మొదలుపెట్టాల్సిందే. అసలు పని మట్టి పగలగొట్టాకే మొదలవుతుందని స్థపతులంటారు. ఉలి, ఆకురాయి, మళ్ళీ ఉలి. నెలలు.

ఇక మూర్తి చేతుల సంగతి. రేడియోలో మీకు బొమ్మ చూపించలేను. అందుకని ఒక పని చేయండి. మీ కుడిచేయి ఛాతీ ఎత్తున పెట్టి అరచేయి ఎదటివారి వైపు తిప్పండి. ఏడుస్తున్న పిల్లాడిని "ఏం ఫర్లేదు, నేనున్నాగా" అని ఊరుకోబెట్టేటప్పుడు మీ చేయి దానంతటదే ఇలా లేస్తుంది. ఇది అభయహస్తం. ఇప్పుడు అదే చేతిని వేళ్ళు కిందికి ఉండేలా దించండి. ఇచ్చే చేయి, వరదహస్తం. తిరుమల స్వామి కుడిచేయి ఇదే. ఆ వేళ్ళు తన పాదాల్ని చూపిస్తున్నాయని, నడుము మీద ఆన్చిన ఎడమచేయి, నన్ను పట్టుకున్నవాడికి సంసార సముద్రం ఇంత లోతే అని చెబుతోందని పెద్దలు అర్థం చెబుతారు.

ఇంకొకటి. బొటనవేలి కొసకు చూపుడువేలూ నడిమివేలూ తెచ్చి, మధ్యలో కాస్త సందు ఉంచండి. కటకహస్తం. అమ్మవారి ఉత్సవమూర్తి చేయి ఇలాగే ఉంటుంది. ఆ సందు ఎందుకో తెలుసా? పువ్వు కోసం. శిల్పి కావాలంటే లోహంతోనే ఒక కలువను పోసి ఉండేవాడు. కాని ఖాళీ వదిలాడు. ప్రతి పొద్దూ ఎవరో ఒకరు తాజా పువ్వు తెచ్చి ఆ వేళ్ళ మధ్య పెట్టాలి. ఆ మూర్తి పూర్తయ్యేది పనిశాలలో కాదు, రోజూ గుళ్ళో.

నటరాజును గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, డమరువు సృష్టి, నిప్పు లయ, కాలికింద అపస్మారుడు అజ్ఞానం అని మీరూ వినే ఉంటారు. ఆయన చెవుల్ని మాత్రం చూడమని అడుగుతాను. ఒక చెవికి మకరకుండలం, మగవాడి నగ. రెండో చెవికి గుండ్రంగా చుట్టిన ఆకు, పత్రకుండలం, ఆడవాళ్ళది. తెలుగులో తాటాకునీ కమ్మ అంటాం, చెవి నగనీ కమ్మ అంటాం. ఒకప్పుడు మన ఆడవాళ్ళు ఆకునే చుట్టి చెవికి పెట్టుకునేవారని ఆ మాటే సాక్ష్యం చెబుతుంది. అర్ధనారీశ్వర తత్త్వాన్ని శిల్పి ఒక్క కమ్మతో చెప్పి ఊరుకున్నాడు.

అన్నీ అయ్యాక మిగిలేది కళ్ళు. నయనోన్మీలనం. అప్పటిదాకా మూర్తికి చూపు ఉండదు. మంచి ముహూర్తంలో స్థపతి బంగారు సూదితో కనుపాప గీత తీస్తాడు. కళ్ళు తెరిచిన స్వామి మొట్టమొదట చూడాల్సినవి ముందే సిద్ధం చేసి ఉంచుతారు. దూడతో ఉన్న ఆవు, ధాన్యపు రాశి, అద్దం, ముత్తయిదువలు, కన్నెపిల్లలు. లోకంలోకి వస్తున్నవాడికి లోకంలో ఉన్న మంచిని ముందు చూపించాలన్న ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో గాని వాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆ తరవాత స్థపతికి కొత్తబట్టలు, సంభావన ఇచ్చి సాగనంపుతారు. ప్రతిష్ఠ అయ్యాక ఆ మూర్తిని అతను ముట్టుకోడానికి లేదు. నెలల తరబడి ఒళ్ళో పెట్టుకుని చెక్కిన చేతులు ఇక వీధిలో జనంతో పాటు నిలబడి జోడించాల్సిందే.

ఈ రోజుల్లో దుకాణాల్లో విగ్రహాలు కిలో లెక్కన దొరుకుతున్నాయి. ఒకే అచ్చులో వందలు పోసి, మిషను మీద మెరుగు పెట్టినవి. ఇంట్లో దీపం పెట్టుకోవడానికి ఏదైనా పవిత్రమే, కాదనను. కాని పెళ్ళికో గృహప్రవేశానికో కొనేటప్పుడు ఒక్కసారి మూర్తిని వెనక్కి తిప్పి చూడండి. వీపు చదునుగా, బోసిగా ఉంటే ఆ పనివాడు మూర్తిని గోడకి ఆనించి ఊహించుకున్నాడన్నమాట. కురులు, ముడి, వస్త్రం మడత కనబడితే, అతని మనసులో ఇంకా ఒక వీధి ఉంది. అలాంటివాడికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండని చేతులెత్తి అడుగుతున్నాను.

బయటికి రావడానికి పుట్టిన మూర్తులు గనుకనే వాటికి కష్టకాలాలూ ఎక్కువే. దండయాత్రల భయంతో ఎన్నిటినో భూమిలో పూడ్చిపెట్టారు. పూడ్చినవాళ్ళు పోయారు, చోటు తెలిసినవాళ్ళు పోయారు. అలా తిరువెణ్కాడులో మళ్ళీ వెలికి వచ్చిన శివుడు ఇప్పుడు తంజావూరు మ్యూజియంలో ఉన్నాడు. 1011 నాటి మూర్తి. జటలు తలపాగాలా చుట్టుకుని, కాలు మీద కాలు మెలివేసి, నంది మీద చేయి ఆనించి నిలబడ్డ వృషవాహనుడు. నంది దొరకలేదు. స్వామి చేయి మాత్రం ఇప్పటికీ ఆ లేని నంది మీదే హాయిగా ఆని ఉంది. ఆ చేతి బరువు చూస్తే పక్కన ఎద్దు మూపురం ఎంత ఎత్తున ఉండేదో చెప్పేయవచ్చు. తమిళనాడులోనే పత్తూరులో 1976లో మట్టిలో దొరికిన నటరాజు చేతులు మారి లండన్ చేరాడు. అక్కడి న్యాయస్థానంలో గుడి తరఫున శివుడే వాదిగా నిలబడ్డాడు, గెలిచాడు, 1991లో ఇంటికి తిరిగి వచ్చాడు.

అందరికంటే ఎక్కువ దూరం నడిచినది మాత్రం శ్రీరంగం ఉత్సవమూర్తి. 1323లో ఢిల్లీ సైన్యం శ్రీరంగం మీద పడ్డప్పుడు గర్భగుడి వాకిలికి రాతిగోడ కట్టి మూలమూర్తిని దాచారు. ఉత్సవమూర్తిని భుజాన వేసుకుని భక్తులు అడవుల్లో పడ్డారు. మదురైవైపు, మలయాళ దేశం, కన్నడ దేశం తిరిగి తిరిగి తిరుమల చేరారు. తిరుమల గుళ్ళో రంగనాయకుల మండపం అంటామే, ఆ రంగనాయకులు ఈయనే. మన కొండ మీద ఆయన ఎన్నో ఏళ్ళు అతిథిగా ఉన్నాడు. 1371లో విజయనగర సేనాని గోపన్న చలవతో తిరిగి శ్రీరంగం చేరాడు.

చేరాక చిక్కు వచ్చింది. ఈలోగా అక్కడ వేరొక ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించుకుని పూజలు చేస్తున్నారు. దాదాపు యాభై ఏళ్ళు గడిచాయి. అసలు స్వామి ఎవరో పోల్చగల మనిషి లేడు. శ్రీరంగం వాళ్ళు తమ గుడి చరిత్ర కోయిల్ ఒళుగులో రాసుకున్న కథ ఇది. ఊళ్ళో ఒక చాకలి మిగిలి ఉన్నాడు. పండు ముసలి, చూపు పోయింది. చిన్నతనంలో స్వామి తడిబట్టలు ఉతికినవాడు. ఇద్దరు మూర్తులకూ తిరుమంజనం చేసి, ఆ తడివస్త్రాలు పిండిన నీళ్ళు తనకు తీర్థంగా ఇమ్మన్నాడట. ఒకటి పుచ్చుకున్నాడు, ఊరుకున్నాడు. రెండోది నాలిక మీద పడగానే పాత కస్తూరి వాసన తగిలి, "ఈయనే మన పెరుమాళ్" అని అరిచాడు. ఆ పూట నుంచి స్వామికి నంపెరుమాళ్ అనే పేరు నిలిచిపోయింది.